అత్తిపత్తి: పేరు, మొక్క, పెంపకం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తాకగానే ఆకులు ముడుచుకునే చిన్న మొక్క తెలుగువారికి చిరపరిచితం. దీనిని అత్తిపత్తి అంటారు, సిగ్గాకు అంటారు. నిఘంటువులలోను, వృక్షనామ సూచికలలోను ముడుగుదామర, నిద్రకంతి వంటి పేర్లు కూడా కనిపిస్తాయి. సంస్కృతంలో దీనికి లజ్జాళువు అనే పేరు స్థిరపడింది. వృక్షశాస్త్రంలో దీని పేరు మైమోసా ప్యూడికా. ఈ పేర్లన్నీ ఒకే మొక్కవని నేటి పాఠకుడు సహజంగానే భావిస్తాడు. ప్రాచీన గ్రంథంలో లజ్జాళువు అనో, నమస్కారి అనో పదం ఎదురైతే వ్యాఖ్యాత ‘అత్తిపత్తి’ అని అర్థం రాస్తాడు. అనువాదకుడు దాని పక్కన మైమోసా ప్యూడికా అని చేరుస్తాడు. ఈ సమీకరణం ఎంతగా అలవాటైందంటే, దానిని ప్రశ్నించవలసిన అవసరం ఉందని కూడా తోచదు.

అయితే మైమోసా ప్యూడికా జన్మస్థలం అమెరికా ఖండపు ఉష్ణమండలం. 1492లో కొలంబస్ ఆ ఖండాన్ని చేరిన తరువాతనే అక్కడి మొక్కలు ఆసియాకు రావడం మొదలైంది. అమరకోశం అంతకు ఎన్నో శతాబ్దాల ముందుది. అందులోని వనౌషధి వర్గంలో నమస్కారి, సమంగ అనే పేర్లు ఉన్నాయి. మొక్క రాకముందే పేరు ఎలా ఉంది? ఆ పేరు అప్పుడు దేనిని సూచించింది? ఆ పేరు కొత్త మొక్కకు ఎలా సంక్రమించింది? ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు మూడు రకాల ఆధారాలను ఉపయోగించడం జరిగింది: నిఘంటువులలోని పర్యాయపదాలు, 16–18 శతాబ్దాల వృక్షశాస్త్ర గ్రంథాలు, ఆ మొక్క పెంపకానికి సంబంధించిన జ్ఞానం. మూడవ ఆధారాన్ని సాహిత్య పరిశోధన సాధారణంగా పట్టించుకోదు. కాని ఒక మొక్కను పెంచినవారికి తెలిసే విషయాలు దాని పేరులోని అర్థాన్ని పరీక్షించడానికి ఎంతో తోడ్పడతాయి.

నిఘంటువుల సాక్ష్యం

ప్రాచీన భారతీయ నిఘంటువులు మొక్కను వర్ణించవు, పర్యాయపదాలతో గుర్తింపజేస్తాయి. ఒక్కొక్క పర్యాయపదం ఒక లక్షణాన్ని చెబుతుంది. అన్నింటినీ కలిపితే మొక్క రూపం స్థూలంగా ఏర్పడుతుంది. అందువల్ల పర్యాయపదాల పట్టికను కేవలం పదసంపదగా గాక, సంక్షిప్త వర్ణనగా చదవవలసి ఉంటుంది.

అమరకోశంలోని నమస్కారి అనే పేరు ఆకుల కదలికను చెబుతుంది. ఎదురుబొదురుగా ఉన్న పత్రకాలు జోడించిన చేతులలాగా దగ్గరకు చేరడం ఇందులోని ఊహ. తరువాతి కాలపు వైద్య నిఘంటువులలో ఈ పట్టిక పెరిగింది. నరహరి రచించిన రాజనిఘంటువులో రక్తపాది, శమీపత్ర, ఖదిరపత్రిక, సంకోచని, లజ్జాళువు, అంజలికారిక వంటి పేర్లు ఉన్నాయి. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుని భావప్రకాశంలో లజ్జాళువు, శమీపత్ర, సమంగ, జలకారిక, రక్తపాది, నమస్కారి అనే పేర్లు కనిపిస్తాయి.

వీటిని లక్షణాలను బట్టి వర్గీకరిస్తే మూడు గుంపులు ఏర్పడతాయి. సంకోచని, నమస్కారి, అంజలికారిక, లజ్జాళువు అనేవి కదలికను సూచిస్తాయి. శమీపత్ర, ఖదిరపత్రిక అనేవి ఆకు ఆకృతిని సూచిస్తాయి. జమ్మి, చండ్ర ఆకుల వలె చిన్న చిన్న పత్రకాలు గల ఆకు అని వాటి భావం. రక్తపాది రంగును, జలకారిక నీటి సంబంధాన్ని సూచిస్తాయి. నేటి అత్తిపత్తిలో అందరికీ మొదట తగిలే లక్షణం ముల్లు. కాడమీద వంకర ముళ్ళు, రోమాలు లేకుండా ఈ మొక్కను ఊహించలేం. పైన ఉదాహరించిన పేర్లలో మాత్రం ముల్లును చెప్పేది ఒక్కటీ లేదు. చేతితో తాకితే తెలిసే మొక్కకు పేరు పెట్టినవారు, తాకిన చేతికి గుచ్చుకున్న ముల్లును విస్మరించారనుకోవడం కష్టం. ఇది అభావం మీద ఆధారపడిన తర్కమే గనుక ఇదొక్కటే నిర్ణాయకం కాదు. కాని ఇతర ఆధారాలతో కలిసినప్పుడు దీనికి బలం చేకూరుతుంది.

మరొక చిక్కు కూడా ఉంది. సమంగ అనే పేరు అన్ని చోట్లా ఒకే మొక్కను సూచించదు. వైద్య గ్రంథాలలో అది మంజిష్ఠకు కూడా వర్తిస్తుంది. పైగా నిఘంటు సంప్రదాయంలోనే ‘విపరీత లజ్జాళువు’ అనే మరో మొక్క ప్రస్తావన ఉంది. ముడుచుకునే మొక్క ఒకటి కాదని, కనీసం రెండింటిని వేరుచేసి చెప్పవలసిన అవసరం కలిగిందని దీనివల్ల తెలుస్తుంది.

దేశీయమైన రెండు మొక్కలు

తాకితే ముడుచుకునే గుణం మైమోసా ప్యూడికాకు మాత్రమే పరిమితం కాదు. క్రీస్తుపూర్వపు గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ ఈజిప్టులోని మెంఫిస్ ప్రాంతంలో అటువంటి మొక్క ఒకటి ఉందని రాశాడు. భారతదేశంలో ఈ గుణం గల మొక్కలలో రెండింటిని ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి.

మొదటిది బయోఫైటమ్ సెన్సిటివమ్. ఇది పులిచింత కుటుంబానికి చెందిన చిన్న మొక్క. కొమ్మలు లేని సన్నని కాండం, దాని కొనలో గొడుగులా విచ్చుకున్న ఆకుల గుత్తి, నడుమ పసుపుపచ్చని చిన్న పూలు దీని లక్షణాలు. చూడడానికి జానెడైనా లేని తాటిచెట్టులా ఉంటుంది. వర్షాకాలంలో నీడపట్టున మొలుస్తుంది. తాకితే పత్రకాలు కిందికి వాలిపోతాయి. ఆ వాలడం అత్తిపత్తి ముడుచుకున్నంత వేగంగా ఉండదు. నేటి ఆయుర్వేద గ్రంథాలలో విపరీత లజ్జాళువుగా గుర్తించేది ఈ మొక్కనే. తెలుగు వృక్షనామ సూచికలలో దీనికి జలపుష్ప అనే పేరుతో పాటు అత్తపత్తి అనే పేరు కూడా ఉండడం విశేషం.

రెండవది నెప్ట్యూనియా ఒలరేసియా. ఇది చెరువులలోను, కుంటలలోను తేలుతూ పెరిగే మొక్క. కాడచుట్టూ తెల్లని దూదివంటి మెత్తని పొర ఏర్పడి దానిని తేలేటట్లు చేస్తుంది. ఆకులు జమ్మి ఆకుల వంటివి, తాకితే ముడుచుకుంటాయి. పూలు పసుపుపచ్చనివి. విలియం రాక్స్‌బర్గ్ ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే గ్రంథంలో దీనిని మైమోసా నేటన్స్ అనే పేరుతో వర్ణించాడు. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళేముందు సామర్లకోటలో ఉండి ఉత్తర సర్కారుల మొక్కలను పరిశీలించినవాడు. మొక్కల తెలుగు పేర్లను నమోదు చేసినవాడు. తెలుగు సూచికలలో ఈ నీటి మొక్కకు నిద్రాయం, నీరు తలవాపు అనే పేర్లు కనిపిస్తాయి.

ఇప్పుడు నిఘంటు పర్యాయపదాలను ఈ రెండు మొక్కల పక్కన ఉంచి చూడవచ్చు. శమీపత్ర, ఖదిరపత్రిక అనే పేర్లు బయోఫైటమ్‌కు అంతగా పొసగవు. దాని ఆకు ఒకే ఈనెకు ఇరువైపులా పత్రకాలు గలది. జమ్మి, చండ్ర ఆకులలో ఈనె మళ్ళీ చీలుతుంది. ఆ పేర్లు నెప్ట్యూనియాకు చక్కగా సరిపోతాయి. జలకారిక అనే పేరులోని నీటి సంబంధం కూడా దీనికే ఎక్కువ అనుకూలం. కదలికను చెప్పే పేర్లు రెండింటికీ చెల్లుతాయి. కాబట్టి ప్రాచీనుల లజ్జాళువు అనేది ఒకే వృక్షజాతి పేరు కాదని, తాకితే ముడుచుకునే మొక్కలన్నింటికీ సామాన్యంగా వాడిన గుణవాచకమని భావించడం సమంజసం. ప్రాంతాన్ని బట్టి, వైద్యుని ఆచారాన్ని బట్టి అది ఒక్కొక్క మొక్కకు వర్తించి ఉంటుంది.

ముడుగుదామర అనే తెలుగు పేరును ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించాలి. ముడుగు అంటే ముడుచుకొను. రెండవ పదం తామర. మెట్ట నేలలో, దారిపక్కన పెరిగే ముళ్ళమొక్కకు తామర అనే పేరు ఎందుకు వచ్చింది? సాయంత్రం తామర ముడుచుకుంటుంది కాబట్టి పోలికగా వచ్చిందనవచ్చు. లేదా ఈ పేరు మొదట నీటిలో తేలే ముడుచుకునే మొక్కదై, తరువాత మెట్టమొక్కకు మారిందనవచ్చు. రెండవ ఊహ నెప్ట్యూనియా విషయంలో పైన చెప్పినదానికి అనుగుణంగా ఉంది. దీనిని సిద్ధాంతంగా గాక పరిశీలనార్హమైన ప్రతిపాదనగా స్వీకరించాలి.

మలబారు నుంచి లభించే ప్రత్యక్ష ఆధారం

పేరు ఒక మొక్కనుంచి మరొక మొక్కకు మారిందనడానికి పరోక్ష తర్కం మాత్రమే గాక, ప్రత్యక్షమైన లిఖిత ఆధారం కూడా ఉంది. కొచ్చిలో డచ్చివారి అధికారిగా ఉన్న హెండ్రిక్ వాన్ రీడ్ ఆధ్వర్యంలో ‘హోర్టస్ మలబారికస్’ అనే బృహద్గ్రంథం రూపొందింది. 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వెలువడింది. స్థానిక వైద్యుడు ఇట్టి అచ్యుతన్, కొంకణి పండితులు రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు దీని రచనకు తోడ్పడ్డారు. మొక్కల చిత్రాలతో పాటు వాటి మలయాళ నామాలను కూడా నమోదు చేయడం ఈ గ్రంథం ప్రత్యేకత.

ఇందులోని 9వ సంపుటంలో ‘తొట్టావాడి’ అనే మొక్క చిత్రం ఉంది. తొట్టావాడి అంటే తాకితే వాడిపోయేది. నేటి మలయాళంలో ఈ పేరు మైమోసా ప్యూడికాది. కాని రీడ్ గ్రంథంలోని చిత్రం మైమోసాది కాదు, అది బయోఫైటమ్. దాని వెంటనే నీటిలో పెరిగే మరో తొట్టావాడి చిత్రం ఉంది, అది నెప్ట్యూనియా. అంటే 17వ శతాబ్దిలో కేరళ వైద్యులకు తొట్టావాడి అంటే మెట్టమీది బయోఫైటమ్, నీటిలోని నెప్ట్యూనియా. నేటి కేరళలో బయోఫైటమ్‌ను ముక్కుట్టి అంటారు. దశపుష్పాలలో ఒకటిగా గౌరవిస్తారు. తొట్టావాడి అనే పేరు దానిని విడిచి అమెరికా మొక్కకు చేరింది. పైన తెలుగు విషయంలో ఊహించిన పరిణామం మలయాళంలో చిత్ర సహితంగా నిరూపితమైంది.

గోవాలో వైద్యుడుగా ఉన్న గార్సియా ద ఓర్తా 1563లో ప్రచురించిన సంభాషణల గ్రంథంలో కూడా తాకితే వాడిపోయే ఒక మొక్క ప్రస్తావన ఉంది. ఈ ప్రస్తావనను మైమోసా ప్యూడికాకు ఆధారంగా స్వీకరించే ముందు రీడ్ చిత్రాలను గుర్తుంచుకోవాలి. వర్ణన ఒకటే అయినంత మాత్రాన మొక్క ఒకటే కానక్కరలేదు.

లిన్నేయస్ 1753లో వెలువరించిన ‘స్పీషీస్ ప్లాంటారమ్’ గ్రంథంలో ఈ రెండింటినీ స్పష్టంగా వేరుచేశాడు. బ్రెజిలుకు చెందిన మొక్కకు మైమోసా ప్యూడికా అని, భారతదేశపు మొక్కకు ఆక్సాలిస్ సెన్సిటివా అని పేర్లు పెట్టాడు. రెండవదే తరువాత బయోఫైటమ్ అయింది. రెండున్నర శతాబ్దాల కిందట వృక్షశాస్త్రంలో జరిగిన ఈ విభజనను మన వ్యాఖ్యాన సంప్రదాయం ఇంకా పూర్తిగా స్వీకరించలేదు.

పేర్ల మార్పిడి: తెలుగు పద్ధతి

కొత్త మొక్క వచ్చినప్పుడు దానికి పేరు పెట్టడంలో తెలుగు భాష పాటించిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. మొక్కజొన్న, వేరుశనగ రెండూ అమెరికా నుంచి వచ్చినవే. పాత ధాన్యం పేరుకు ఒక విశేషణం చేర్చి వాటికి పేర్లు పెట్టారు. కొత్తదానికి పాతదానితో పోలిక ఉందని, అయినా అది వేరని ఈ పేర్లలోనే తెలుస్తుంది. సీతాఫలం విషయంలో పద్ధతి వేరు. అమెరికా నుంచి వచ్చిన పండుకు పురాణ సంబంధం గల పేరు పెట్టడంవల్ల అది అనాదిగా ఇక్కడిదేనన్న భావన కలుగుతుంది. నిద్రగన్నేరు కూడా అమెరికా చెట్టే. పొద్దుగూకగానే ముడుచుకునే ఆకులను బట్టి దానికి తెలుగు పేరు వచ్చింది.

అత్తిపత్తి వీటిలో ఏ పద్ధతికీ చెందదు. ఇక్కడ విశేషణం చేరలేదు, కొత్త పేరు పుట్టలేదు. పాత పేరే నేరుగా కొత్త మొక్కకు మారింది. ఇందుకు కారణం పేరులోనే ఉంది. పేరు రూపాన్ని గాక చేష్టను చెబుతున్నప్పుడు, ఆ చేష్టను ఎక్కువ స్ఫుటంగా చూపిన మొక్క ఆ పేరును సొంతం చేసుకుంటుంది. బయోఫైటమ్ చిన్నది, వర్షాకాలపు మొక్క, కదలిక నెమ్మది. నెప్ట్యూనియాను తాకాలంటే నీటిలోకి దిగాలి. మైమోసా దారిపక్కన, గట్లమీద, పిల్లల చేతికి అందేంత ఎత్తులో ఉంటుంది. తాకగానే క్షణంలో ముడుచుకుంటుంది. అందువల్ల పాత మొక్కలు పేరు కోల్పోయి మూలికా వైద్యుల జ్ఞాపకానికి పరిమితమయ్యాయి.

కన్నడంలోని ఒక పేరు ఈ మార్పును మరో విధంగా పట్టిస్తుంది. అక్కడ ఈ మొక్కను ‘ముట్టిదరె ముని’ అంటారు, అంటే తాకితే అలిగేది. ‘నాచికె ముళ్ళు’ అని కూడా అంటారు, అంటే సిగ్గుముల్లు. రెండవ పేరులో ముల్లు చేరింది. బయోఫైటమ్‌కు గాని నెప్ట్యూనియాకు గాని ముళ్ళు లేవు. కాబట్టి ఈ పేరు ముళ్ళున్న కొత్త మొక్కను చూసి పెట్టినదై ఉండాలి.

పెంపకం చెప్పే చరిత్ర

మైమోసా ప్యూడికా మనకు కలుపుమొక్క, ఐరోపావారికి అద్దాలగదిలోని అపురూప వస్తువు. ఈ భేదమే దాని చరిత్రలో ఒక ముఖ్యాంశం. రాబర్ట్ హుక్ 1665లో ప్రచురించిన ‘మైక్రోగ్రాఫియా’లో లండనులోని సెయింట్ జేమ్స్ ఉద్యానంలో ఈ జాతి మొక్కలపై జరిపిన పరిశీలనలు ఉన్నాయి. ఉష్ణదేశపు మొక్కను చలిదేశంలో బతికించడానికి తోటమాలులు శ్రమపడ్డారు. పులుస్తున్న ఎరువు వేడిమితో మడులను వెచ్చగా ఉంచి, వాటిలో విత్తనాలు నాటి, మొలకలను గాజు కప్పుల కింద పెంచేవారు. ఇంత జాగ్రత్తగా పెంచడంవల్లనే ఆ మొక్క ప్రయోగశాలకు చేరింది. 1729లో ఫ్రాన్సుకు చెందిన ద మెరాన్ ఇటువంటి మొక్కను చీకటిలో ఉంచి, వెలుతురు లేకున్నా ఆకులు వేళకు విచ్చుకొని ముడుచుకుంటున్నాయని గమనించాడు. జీవులలోని అంతర్గత కాలగమనాన్ని గురించిన అధ్యయనానికి ఇది ఆరంభం.

మొక్క పెంపకంలోని అంశాలు సరళమైనవే. విత్తనానికి గట్టి పైపొర ఉంటుంది. అందువల్ల వేడినీటిలో వేసి ఒక రాత్రి నానబెట్టడమో, పైపొరను కొద్దిగా గీరడమో చేస్తే త్వరగా మొలుస్తుంది. నీరు నిలవని గుల్ల మట్టిలో పైపైన నాటి, తడి ఆరకుండా చూడాలి. 20 నుంచి 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి, ఎండ దీనికి అనుకూలం. వేరు కదిలితే తట్టుకోలేదు గనుక మొలకలు చిన్నవిగా ఉన్నప్పుడే తొట్టెలోకి మార్చాలి. గులాబిరంగు గుండ్రని పూలు పూసి, అంచుల వెంట నూగు ముళ్ళున్న చిన్న కాయలు కాస్తుంది. ఆ కాయలు పశువుల వెంట్రుకలకు, మనుషుల బట్టలకు అంటుకొని దూరప్రాంతాలకు చేరతాయి. ఈ మొక్క ఖండాలు దాటి వ్యాపించడంలోని రహస్యం ఇదే. కుండీలో ముద్దుగా పెరిగినది నేలకు దిగితే తోటను ఆక్రమిస్తుంది.

పెంచేవారికి తోటపని గ్రంథాలు ఒక హెచ్చరిక చేస్తాయి: పదేపదే తాకవద్దు. ముడుచుకోవడంవల్ల మొక్కకు శక్తి ఖర్చవుతుంది. ముడుచుకొని ఉన్నంతసేపు వెలుతురును గ్రహించే ఆకువైశాల్యం తగ్గుతుంది. ఆకు మొదట్లోని ఉబ్బులో ఉండే కణాలనుంచి పొటాషియం, క్లోరైడ్ అయాన్లు వెలికిపోగా, వాటి వెంట నీరు కూడా తరలిపోతుంది. ఒకవైపు కణాలు బిగువు కోల్పోవడంతో ఆకు వాలుతుంది. తిరిగి నీరు చేరి ఆకు విచ్చుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. 2022లో సైతామా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ కదలిక ఆకులను తినే పురుగుల నుంచి మొక్కను కాపాడుతుందని ప్రయోగపూర్వకంగా చూపారు. కదలలేని మొక్కల ఆకులను మిడతలు ఎక్కువగా తిన్నాయి.

ఇంకొక అంశం సాహిత్య విద్యార్థికి మరింత ముఖ్యం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దెఫోంతేన్ ఈ మొక్కలను బండిలో పారిస్ వీథుల గుండా తీసుకుపోయినప్పుడు, మొదటి కుదుపులకు అవి ముడుచుకున్నాయని, కుదుపులు కొనసాగుతున్నా కాసేపటికి తిరిగి విచ్చుకున్నాయని నమోదైంది. 2014లో మోనికా గాలియానో బృందం ఈ విషయాన్ని నియమబద్ధంగా పరీక్షించింది. హాని కలిగించని కుదుపు మళ్ళీ మళ్ళీ ఎదురైతే మొక్క ముడుచుకోవడం మానుతుందని, ఆ అలవాటు వారాల తరబడి నిలుస్తుందని ఆ బృందం ప్రకటించింది. మొక్కకు జ్ఞాపకం ఉందనే వ్యాఖ్యానంపై శాస్త్రజ్ఞులలో వాదోపవాదాలు ఉన్నాయి. మొక్క అలవాటు పడుతుందనే పరిశీలన మాత్రం పెంచినవారికి కొత్త కాదు.

జగదీశ్ చంద్ర బోసు: పేరుకు, శాస్త్రానికి మధ్య

భారతీయ భాషలలో లజ్జాళువుకు ఆధునిక శాస్త్రంలో స్థానం కల్పించినవాడు జగదీశ్ చంద్ర బోసు. వంగభాషలో లజ్జావతి అనే ఈ మొక్కపై ఆయన జరిపిన ప్రయోగాలు 1906, 1913, 1926 సంవత్సరాలలో వెలువడిన గ్రంథాలలో విస్తరించి ఉన్నాయి. సెకనులో అతి స్వల్ప భాగాలను కూడా గీతగా నమోదు చేసే పరికరాలను ఆయన స్వయంగా రూపొందించాడు. ఉద్రేకం మొక్కలో విద్యుత్ స్పందనగా ప్రసరిస్తుందని ప్రతిపాదించాడు. 1917లో కలకత్తాలో ఆయన స్థాపించిన పరిశోధనాలయం ఆ కృషికి కొనసాగింపు.

ఆయన తన పరికరాలకు మొదట సంస్కృత నామాలు పెట్టాడు. ముడుచుకోవడాన్ని కొలిచే పరికరం ‘కుంచనమాన’. పాశ్చాత్యుల ఉచ్చారణలో ఆ పేరు గుర్తుపట్టలేనంతగా మారిపోవడంతో తరువాత గ్రీకు, లాటిన్ ధాతువులతో పేర్లు పెట్టవలసి వచ్చింది. ఈ సంఘటనలో గమనించవలసినది ఆయన ఎంచుకున్న ధాతువు. కుంచనం అంటే ముడుచుకోవడం మాత్రమే. అందులో సిగ్గు లేదు. రాజనిఘంటువులోని సంకోచని అనే పేరు వెనుక ఉన్నదీ ఆ ధాతువే. శాస్త్రజ్ఞునికి అవసరమైన తటస్థ పదం మన నిఘంటువులలోనే సిద్ధంగా ఉంది.

సిగ్గు ఒక్కటేనా అర్థం?

ఈ మొక్క పేర్లను వివిధ భాషలలో పోల్చి చూస్తే, ఒకే చేష్టను మనుషులు ఎన్ని భావాలతో చదివారో తెలుస్తుంది. వంగభాషలోని లజ్జావతి, తెలుగులోని సిగ్గాకు సిగ్గును చెబుతాయి. లిన్నేయస్ వాడిన లాటిన్ పదం ప్యూడికాకు అర్థం కూడా సిగ్గరి అనే. తమిళంలో ‘తొట్టాచ్చిణుంగి’ అంటే తాకితే గునిసేది. కన్నడంలో అలక. సింహళంలోని ‘నిదికుంబా’లో, తెలుగులోని నిద్రకంతిలో నిద్ర. హిందీలోని ‘ఛుయీముయీ’లో మరణం. మొక్క పుట్టిన కరీబియన్ ప్రాంతంలోని స్పానిష్ పేరు ‘మోరివివి’. చచ్చాను, బతికాను అని దాని అర్థం. నమస్కారి, అంజలికారిక అనే పేర్లలో ఉన్నది భక్తి, వినయం.

కాబట్టి ముడుచుకోవడం సిగ్గుకు సహజ ప్రతీక అనేది భాషలన్నీ ఒప్పుకున్న సత్యం కాదు. అది అనేక పఠనాలలో ఒకటి. అమరకోశంలో నమోదైన నమస్కారి అనే పేరులో సిగ్గు ప్రసక్తి లేదు. ఆధునిక కాలంలో లజ్జాళువు అనే పేరు ఇతర పేర్లను వెనక్కు నెట్టడంతో, మొక్క స్త్రీ సహజమైనదిగా భావించే సిగ్గుకు దృష్టాంతమై స్థిరపడింది. ఆ దృష్టాంతాన్ని వాడేవారు ప్రకృతినే సాక్షిగా చూపుతారు. పేర్ల చరిత్ర ఆ సాక్ష్యాన్ని సడలిస్తుంది. కావ్యంలో ముడుచుకునే మొక్క కనిపించిన ప్రతిచోటా సిగ్గును వెదికితే, కవి నమస్కారాన్నో నిద్రనో ఉద్దేశించిన చోట్ల అర్థం చెడుతుంది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఒకటి, సంస్కృత నిఘంటువులలోని నమస్కారి, లజ్జాళువు అనేవి తాకితే ముడుచుకునే మొక్కలకు వాడిన గుణవాచకాలు. వాటిని పూర్వకాలానికి సంబంధించి మైమోసా ప్యూడికాతో సమీకరించడానికి వీలులేదు. రెండు, ఆ పేర్లు దేశీయమైన బయోఫైటమ్, నెప్ట్యూనియాలనుంచి అమెరికా మొక్కకు మారాయనడానికి ‘హోర్టస్ మలబారికస్’లోని తొట్టావాడి ప్రబల నిదర్శనం, అత్తపత్తి, ముడుగుదామర అనే తెలుగు పేర్లు అదే దిశను సూచిస్తున్నాయి. మూడు, ఈ మార్పిడికి కారణం పేరు రూపాన్ని గాక చేష్టను చెప్పడమే.

దీనినుంచి పరిష్కర్తలకు, నిఘంటుకర్తలకు, అనువాదకులకు ఒక ఆచరణ సూత్రం లభిస్తుంది. 16వ శతాబ్దికి ముందరి గ్రంథాలలో ఈ పేర్లు వచ్చినప్పుడు ‘తాకితే ముడుచుకునే మొక్క’ అని గుణాన్ని బట్టి అర్థం రాయడం ఉత్తమం. ఆకు పోలిక, నీటి సంబంధం, రంగు వంటి ఆధారాలు మూలంలోనే ఉంటే వాటిని బట్టి మొక్కను గుర్తించవచ్చు. లేనప్పుడు శాస్త్రీయ నామం చేర్చకూడదు. వైద్య గ్రంథాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. నేటి ఆయుర్వేద ఔషధ గ్రంథాలు లజ్జాళువును మైమోసా ప్యూడికాగానే నిర్దేశిస్తున్నాయి. పూర్వులు చెప్పిన గుణం ఏ మొక్కదో తేలకుండా ఆ గుణాన్ని ఈ మొక్కకు ఆపాదించడం కేవలం పదార్థ దోషంతో ఆగదు. అది మందుగా రోగి నోటికి చేరుతుంది.

ఇటీవల పట్టణాలలో ఈ మొక్కకు ‘టచ్ మీ నాట్’ అనే పేరు వ్యాపిస్తున్నది. ఇంగ్లీషులో ఆ పేరు, తాకితే కాయ పగిలి విత్తనాలు చిమ్మే బాల్సమ్ జాతి మొక్కలకు కూడా ఉంది. అంటే పేరు మళ్ళీ ఒక మొక్కనుంచి మరొక మొక్కకు మారుతున్నది. అత్తిపత్తి, ముడుగుదామర, నిద్రకంతి, సిగ్గాకు అనే పేర్లు ఏ ఊళ్ళో ఏ మొక్కకు వాడుకలో ఉన్నాయో ప్రాంతాలవారీగా, మొక్క నమూనాతో సహా ఇప్పుడే నమోదు చేయడం అవసరం. మూడు శతాబ్దాల కిందట మలబారు వైద్యులు చిత్రంతో పాటు పేరు చెప్పడంవల్లనే తొట్టావాడి చరిత్ర నేటికి తెలిసింది. తెలుగు పేర్లకు అటువంటి నమోదు జరిగితే, ముడుగుదామర మొదట నీటిలోనిదా నేలమీదిదా అనే ప్రశ్నకు సమాధానం వెదికే మార్గం ఏర్పడుతుంది.